తీగలోని ఇంటిదొంగ

పైకి నిగనిగలాడే మైకు తీగ లోపల తెగిపోయి ఉండవచ్చు. అరచేతిలో ఇమిడే ఒక చిన్న పెట్టె ఆ గుట్టును క్షణంలో బయటపెడుతుంది. అయితే దానిని ఎప్పుడు అడగాలో, ఏమి అడగాలో మనకు తెలిసి ఉండాలి.

1976 సెప్టెంబరు 23వ తేదీ రాత్రి. ఫిలడెల్ఫియా నగరంలోని వాల్నట్ స్ట్రీట్ థియేటర్‌లో అమెరికా అధ్యక్షుడు జెరాల్డ్ ఫోర్డ్, ఆయన ప్రత్యర్థి జిమ్మీ కార్టర్ చెరొక పీఠం వద్ద నిలబడి వాదోపవాదాలు సాగిస్తున్నారు. 1960 తరువాత ఆ దేశంలో అధ్యక్ష అభ్యర్థుల మధ్య అటువంటి చర్చ జరగడం అదే మొదలు. కోట్లాది ప్రజలు టెలివిజన్ల ముందు కూర్చుని ఉన్నారు. చర్చ ముగింపుకు వస్తున్న సమయంలో, కార్టర్ మాట్లాడుతూ ఉండగానే, ప్రసారంలో శబ్దం ఆగిపోయింది.

పెదవులు కదులుతున్నాయి. మాట మాత్రం లేదు. దోషాన్ని కనుగొని సరిదిద్దడానికి 27 నిమిషాలు పట్టింది. ప్రపంచంలోనే అత్యంత శక్తిమంతమైన పదవిని ఆశిస్తున్న ఇద్దరు నాయకులు అంతసేపూ తమ తమ పీఠాల వద్ద, ఒకరితో ఒకరు పలకరించుకోకుండా, నిలువుగుడ్లతో నిలబడిపోయారు. తీరా చూస్తే, ఒక ఆంప్లిఫయర్‌లోని కెపాసిటర్ అనే చిన్న విడిభాగం పాడైపోయింది. దానికి బదులు పనిచేయవలసిన మరొక ఏర్పాటు ఏదీ లేదు.

ఆ రాత్రి దోషి తీగ కాదు. కాని శబ్దాన్ని నమ్ముకుని బ్రతికే వారందరికీ ఆ ఘటన చెప్పే పాఠం ఒక్కటే. మాట ప్రయాణించే దారిలో అన్నిటికంటె చౌకైన భాగానికి, అన్నిటికంటె ఖరీదైన భాగంతో సమానమైన అధికారం ఉంటుంది. ఆ దారిలో అతి చౌకగా లభించేది, అతి నిర్లక్ష్యానికి గురయ్యేది మైకు తీగ. దానిని కాళ్లతో తొక్కుతారు. కుర్చీలు దానిమీద ఈడుస్తారు. పని ముగిసిన తరువాత కొసను పట్టి గుంజి, ఉండగా చుట్టి, సంచిలో కుక్కుతారు. మరునాడు అది పలకాలని ఆశిస్తారు.

శ్రీరామనవమి పందిరిలో హరికథ ఆరంభమవుతుంది. దాసుగారు చిడతలు అందుకుని గజ్జెలు ఘల్లుమనిపిస్తారు. మొదటి పద్యం సగంలో ఉండగా మైకు గరగరమని మూగపోతుంది. సౌండ్ ఆపరేటర్ వేదిక మీదికి పరుగెత్తుతాడు. తీగను కదిపితే పలుకుతుంది, వదిలితే ఆగుతుంది. జనం నవ్వుతారు. ఇటువంటి దృశ్యాన్ని చూడని తెలుగువారు అరుదు. ఆ తీగ ఆ క్షణంలో తెగలేదు. అనేక దినాలుగా అది లోలోపల తెగుతూనే ఉంది. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈ దొంగను మాత్రం పట్టవచ్చు.

పెట్టె అడిగే ప్రశ్న

కేబుల్ టెస్టర్ అనబడే ఈ పరికరం చూడడానికి ఆడంబరమేమీ లేనిది. చేతిలో పట్టే పెట్టె. లోపల బ్యాటరీ సెల్లు. పైన కొన్ని రంధ్రాలు, కొన్ని చిన్న దీపాలు. తీగ రెండు కొసలను తగిన రంధ్రాలలో గుచ్చితే, అది ఒక్కొక్క పిన్ను గుండా అతి స్వల్పమైన విద్యుత్తును పంపి, ఆ విద్యుత్తు అవతలి కొసలో ఏ పిన్ను వద్ద బయటపడిందో చూస్తుంది. కొన్ని రకాలలో మీటను ఒకటి, రెండు, మూడు అంకెల వద్దకు తిప్పుతూ పోవాలి. మరికొన్ని రకాలు తమంతట తామే అన్ని పిన్నులను వరుసగా పరీక్షించి, ఫలితాన్ని దీపాల వరుసలలో చూపుతాయి. 'ఇక్కడ ప్రవేశించినది అక్కడికి చేరిందా? వేరే చోటికి పోయిందా?' అన్నదే దాని ప్రశ్న.

ఈ ప్రశ్న విలువ తెలియాలంటే మైకు తీగ నిర్మాణం కొంత తెలియాలి. సభలలో, స్టూడియోలలో వాడే మూడు పిన్నుల ప్లగ్గును ఎక్స్‌ఎల్‌ఆర్ అంటారు. అమెరికాలో జేమ్స్ కానన్ స్థాపించిన సంస్థ తయారు చేసిన 'ఎక్స్' శ్రేణి ప్లగ్గుకు, ఊడిపోకుండా పట్టే కొక్కెం, ఆ తరువాత రబ్బరు చేరగా ఆ పేరు వచ్చింది. తీగ లోపల రెండు సన్నని వాహకాలు ఉంటాయి. వాటి చుట్టూ రాగి అల్లిక ఒకటి కవచంలా ఉంటుంది. ఒకటవ పిన్ను కవచానిది. రెండు, మూడు పిన్నులు లోపలి వాహకాలవి.

ఒకే ధ్వనికి రెండు వాహకాలెందుకన్న సందేహం సహజం. మైకు నుండి వచ్చే సంకేతం ఈ రెండింటిలో పరస్పర వ్యతిరేక దిశలలో పయనిస్తుంది. అవతల ఉన్న యంత్రం ఆ రెండింటి మధ్య తేడాను మాత్రమే స్వీకరిస్తుంది. దారిలో ఫ్యాను మోటారు వలననో, కరెంటు తీగల వలననో చొరబడే రొద రెండు వాహకాలపైనా ఒకే విధంగా పడుతుంది. త్రాసులోని రెండు పళ్లాలలోను ఒకే బరువు వేస్తే ముల్లు కదలదు గదా! రొద విషయంలోను అంతే. రెండువైపులా సమంగా పడిన రొద తేడాలోకి రాదు. మాట మాత్రమే మిగులుతుంది. మైకు పుట్టించే సంకేతం వోల్టులో వెయ్యవ వంతుల లెక్కలో ఉంటుంది. అంత బలహీనమైన సంకేతం పందిరి ఈ మూల నుండి ఆ మూలకు క్షేమంగా చేరుతున్నదంటే, ఆ పుణ్యం ఈ సమతూకానిదే.

నాలుగు విధాల దోషాలు

తీగలో వచ్చే దోషాలను ప్రధానంగా నాలుగు విధాలుగా చెప్పవచ్చు.

మొదటిది తెగుదల. ఒక వాహకం తెగితే, పెట్టెమీద దాని దీపం వెలగదు. రెండవ పిన్నుకో మూడవ పిన్నుకో చెందిన వాహకం తెగితే ధ్వని సన్నబడి, బలహీనమై, రొదతో కలిసి వస్తుంది. కొన్నిసార్లు పూర్తిగా ఆగిపోతుంది. ఒకటవ పిన్నుకు చెందిన కవచం తెగినప్పుడు మాత్రం విచిత్రం జరుగుతుంది. కండెన్సర్ రకపు మైకులకు మిక్సర్ నుండి ఇదే తీగ ద్వారా 48 వోల్టుల విద్యుత్తు అందుతుంది. అది తిరిగి వెళ్లే మార్గం కవచమే. కవచం తెగితే ఆ మైకు మూగపోతుంది. అదే తీగకు సాధారణమైన డైనమిక్ మైకును తగిలిస్తే మామూలుగానే పలుకుతుంది. అనుభవం లేనివాడు నిన్నటిదాకా బాగున్న ఖరీదైన మైకు చెడిపోయిందని నిర్ధారించి మరమ్మతుకు పంపుతాడు. నేరం ఒకరిది, శిక్ష మరొకరిది.

రెండవది కలయిక. వేరుగా ఉండవలసిన రెండు వాహకాలు ఒకదానినొకటి తాకడం. ప్లగ్గులో టంకం వేసేటప్పుడు జారిన ఒక చుక్క, లేదా అల్లిక నుండి బయటికి పొడుచుకు వచ్చిన ఒక వెంట్రుకవంటి రాగి పోగు ఇందుకు చాలు. అప్పుడు ఒక పిన్నుకు బదులు రెండు పిన్నుల వద్ద దీపాలు వెలుగుతాయి.

మూడవది తారుమారు. రెండవ పిన్ను మూడవ దానికి, మూడవది రెండవ దానికి కలిసిపోవడం. ఇది అన్నిటికంటె కపటమైనది. ఎందుకంటే ఆ తీగ ఒంటరిగా ఉన్నప్పుడు ఏ లోపమూ వినిపించదు. ఒకే వక్త ముందు జంటగా అమర్చే రెండు మైకులలో ఒకదానికి ఈ తీగ పడినప్పుడు గాని సంగతి బయటపడదు. ఒక మైకు 'ముందుకు' అన్నప్పుడు రెండవది 'వెనుకకు' అంటుంది. రెండూ మిక్సర్‌లో కలిసేసరికి గంభీరమైన కంఠం పీలగా మారిపోతుంది. పూర్వం వివిధ సంస్థల పరికరాలలో ఏ పిన్ను ముఖ్యమన్న విషయంలో ఏకాభిప్రాయం ఉండేది కాదు. రెండవ పిన్నే ప్రధానమని ఆడియో ఇంజనీరింగ్ సొసైటీ 1992లో ప్రమాణం వెలువరించింది. అంతకు ముందు తయారైన పరికరాలతో పనిచేసేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

నాలుగవది దాగుడుమూతలు. ఒక్కసారి పలికి, ఒక్కసారి ఆగే తీగ. బల్లమీద కదలకుండా పడుకోబెట్టినంతసేపూ అది ఉత్తమురాలిలా ప్రవర్తిస్తుంది. అందుచేత రెండు కొసలనూ పెట్టెలో గుచ్చిన తరువాత తీగను, ముఖ్యంగా ప్లగ్గుల దగ్గర, నాలుగు దిక్కులకూ మెల్లగా వంచి చూడాలి. కనురెప్పపాటు కాలం సంబంధం తెగినా దానిని గుర్తుంచుకుని, మరల మీట నొక్కేదాకా దీపం వెలిగించి ఉంచే టెస్టర్లు ఉన్నాయి. మనిషి కన్ను పట్టలేని దానిని అవి పడతాయి.

దీపాలు చెప్పినదానిని అర్థం చేసుకోవడానికి కొంత వివేచన కూడా కావాలి. రెండు ధ్రువాల జాక్‌కు కలిపే తీగలలో ఒకటవ, మూడవ పిన్నులను కావాలనే కలుపుతారు. కొన్ని ప్రత్యేకమైన తీగలలో రొద తగ్గించడానికి కవచాన్ని ఒక కొస వద్ద కావాలనే విడదీస్తారు. ఈ తీగలు పెట్టెకు దోషులుగానే కనిపిస్తాయి. అందువలన అటువంటి వాటికి చీటీ కట్టి ఉంచడం మేలు.

సముద్ర గర్భం నేర్పిన విద్య

తీగ గదిలో ఉంటే రెండు కొసలనూ ఒకే పెట్టెలో గుచ్చవచ్చు. ఒక కొస ఒక ఖండంలోను, మరొక కొస మరొక ఖండంలోను ఉంటే? ఈ విద్య పుట్టినది ఆ ప్రశ్న నుండే.

1858లో అట్లాంటిక్ సముద్రం అడుగున మొదటి టెలిగ్రాఫ్ తీగ పనిచేయనారంభించింది. సంకేతాలు మందంగా రావడంతో, దాని బాధ్యత వహించిన వైల్డ్‌మన్ వైట్‌హౌస్ అత్యధికమైన వోల్టేజిని ప్రయోగించాడు. అప్పటికే లోపాలున్న తీగ సుమారు మూడు వారాలలో మూగపోయింది. బలప్రయోగం కాదు, సూక్ష్మ పరిశీలన కావాలని వాదించినవాడు విలియం థామ్సన్, ఉత్తరోత్రా లార్డ్ కెల్విన్‌గా ప్రసిద్ధికెక్కిన శాస్త్రజ్ఞుడు. ఆయన రూపొందించిన గాల్వనోమీటర్‌లో ఒక చిన్న అద్దం నుండి ప్రతిఫలించిన వెలుగుచుక్క, అత్యల్పమైన విద్యుత్తుకు సైతం కదిలేది.

1865లో 'గ్రేట్ ఈస్టర్న్' అనే మహానౌక మరొక తీగను పరుస్తూ బయలుదేరింది. తీగ నీటిలోకి దిగుతున్నంతసేపూ ఓడమీద పరీక్షలు జరుగుతూనే ఉన్నాయి. ఒకనాడు వెలుగుచుక్క చెదిరింది. పరచిన తీగను మైళ్లకొద్దీ వెనుకకు లాగి చూస్తే, పైకవచంలోని ఇనుప తీగ ముక్క ఒకటి లోపలికి గుచ్చుకుని రాగిని తాకుతున్నది. రాగి తెగలేదు, కాని విద్యుత్తు సముద్రంలోకి కారిపోతున్నది. తెగకపోవడం వేరు, ఆరోగ్యంగా ఉండడం వేరని ఇంజనీర్లు తెలుసుకున్నారు. ఆ తీగ ఆగస్టు 2న తెగి సముద్రంలో పడిపోయింది. మరుసటి సంవత్సరం అదే ఓడ కొత్త తీగను విజయవంతంగా పరచడమే గాక, పోయిన తీగను సైతం అడుగు నుండి పైకి లాగి పూర్తి చేసింది. 1870లో బొంబాయిని ఏడెన్‌తో కలిపిన తీగను పరచినది కూడా ఆ ఓడే.

తెగినచోటు ఎంత దూరంలో ఉన్నదో లెక్కగట్టడం ఆ కాలపు ఇంజనీర్లు సాధించిన మరొక ఘనత. మైలు తీగకు ఎంత విద్యుత్ నిరోధం ఉంటుందో తెలిస్తే, కొలిచిన నిరోధాన్ని బట్టి దోషం ఎన్ని మైళ్ల దూరంలో ఉన్నదో చెప్పవచ్చు. ఇటువంటిదే మరొక యుక్తి నేటి మైకు తీగలకూ పనికివస్తుంది. తీగ ఎంత పొడవైతే దాని కెపాసిటెన్స్ అంత ఎక్కువ. 50 మీటర్ల తీగలో ఒక వాహకం తెగిందనుకుందాం. ఆ వాహకానికీ కవచానికీ మధ్య కెపాసిటెన్స్‌ను తగిన మీటరుతో రెండు కొసల నుండి కొలవాలి. ఒకవైపు ఒక వంతు, మరొకవైపు నాలుగు వంతులు వస్తే, తెగినచోటు మొదటి కొస నుండి 10 మీటర్ల దూరంలో ఉన్నట్లు. తీగనంతా చీల్చి చూడనక్కరలేదు.

తీగ ఎక్కడ తెగుతుంది?

సాధారణంగా అంత లెక్క కూడా అవసరం రాదు. ఎందుకంటే తీగలు ఎక్కువగా తెగేది ప్లగ్గు మెడ దగ్గర. రాగి మెత్తనిదే అయినా, ఒకేచోట మాటిమాటికీ వంచుతుంటే గట్టిపడి పెళుసవుతుంది. లోపలి సన్నని పోగులు ఒకటొకటిగా తెగుతాయి. టంకం వేసినప్పుడు కరిగిన లోహం పోగుల మధ్యకు ఎగబ్రాకి కొంతమేర వాటిని బిగదీస్తుంది. ఆ బిగువు ముగిసి మెత్తదనం ఆరంభమయ్యే సరిహద్దులోనే తరచు విరుగుడు పడుతుంది. అందువల్లనే మంచి ప్లగ్గులలో తీగ పైతొడుగును గట్టిగా పట్టే బిగింపు ఉంటుంది. గుంజినప్పుడు ఆ భారం టంకంమీద కాక పైతొడుగుమీద పడాలన్నది దాని ఉద్దేశం. ఆ బిగింపు లేకుండా మూసిన ప్లగ్గు రేపటి దోషానికి నేటి పునాది.

మరమ్మతు కష్టమైనది కాదు. ప్లగ్గు నుండి నాలుగైదు అంగుళాల తీగను కత్తిరించి పారవేసి, కొత్తగా తీసిన పోగులకు ప్లగ్గును తిరిగి టంకం వేయాలి. చక్కగా కుదిరిన అతుకు నునుపుగా, పోగుల చుట్టూ వ్యాపించి ఉంటుంది. ఉండలా నిలిచి, పిన్నును అంటీ అంటనట్లున్న అతుకు నమ్మదగినది కాదు. పైన పటారం, లోన లొటారం అన్నట్లు, అది ఈనాడు దీపం వెలిగించి రేపు మోసం చేస్తుంది.

తీగను చుట్టే పద్ధతిలోనూ దాని ఆయుర్దాయం ఇమిడి ఉంది. బావిచేద తాడు చుట్టినట్లు అరచేతికి, మోచేతికి మధ్య బిగించి చుట్టడం మనవారి అలవాటు. ప్రతి చుట్టుకూ తీగ ఒక మెలిక తిరుగుతుంది. మెలికలన్నీ ఒకే దిశలో చేరి లోపలి అల్లికను నలిపివేస్తాయి. దానికి బదులు ఒక చుట్టును మామూలుగా, మరుసటి చుట్టును తిరగవేసి, వెడల్పైన వలయాలుగా చుట్టాలి. అప్పుడు ఒక మెలికను మరొకటి విప్పుతుంది. విసిరితే తీగ చిక్కుపడకుండా సాగుతుంది.

పెట్టె చెప్పలేని సంగతులు

ఏ పరికరానికైనా హద్దులుంటాయి. వాటిని ఎరగనివాడికి అది మేలుకు బదులు ధీమానిస్తుంది. ఇరవై పోగులలో పందొమ్మిది తెగి ఒక్కటే మిగిలినా సాధారణమైన టెస్టర్ దీపం వెలుగుతుంది. దాని దృష్టిలో ఒక్క పోగు చాలు. పొడవైన గిటార్ తీగ తన కెపాసిటెన్స్ వలన తీక్షణమైన స్వరాలను మందగింపజేస్తున్నా, పెట్టె పసిగట్టలేదు. అందుచేతనే కొన్ని టెస్టర్లు తామే ఒక పరీక్షాస్వరాన్ని, ఉదాహరణకు 1,000 హెర్ట్జ్ ధ్వనిని, పుట్టించి పంపుతాయి. దానిని అవతల చెవితో విని నిర్ణయించుకోవచ్చు.

ఇంతకంటె ముఖ్యమైన హద్దు ఒకటి ఉంది. అది ప్రాణాలకు సంబంధించినది. 1972 మే 3న వేల్స్‌లోని స్వాన్సీలో 'స్టోన్ ద క్రోస్' బృందానికి చెందిన గిటార్ వాద్యకారుడు లెస్ హార్వీ వేదికమీదనే విద్యుద్ఘాతానికి గురై మరణించాడు. చేతిలో గిటార్ ఉండగా, సరిగా ఎర్త్ చేయని మైకును తాకడమే అందుకు కారణం. మైకు తీగలో పిన్నులన్నీ సక్రమంగా ఉన్నాయని పెట్టె చెప్పవచ్చు. ఆ తీగ కలిసిన యంత్రానికి ఎర్త్ ఉన్నదా లేదా అన్నది దానికి తెలియదు. కరెంటు సాకెట్‌లో రెండు తీగలను అగ్గిపుల్లలతో బిగించి ఆంప్లిఫయర్ నడిపే చోట, గుయ్యిమనే రొద పోవడానికి మూడవ పిన్నును విరిచివేసే చోట, ఎన్ని దీపాలు వెలిగినా గాయకునికి రక్షణ లేదు. ఎర్త్ పరీక్ష ఎలక్ట్రీషియన్ చేయవలసిన వేరొక పని. ఈ పెట్టెను కరెంటు సాకెట్‌కు గాని, విద్యుత్తు ప్రవహిస్తున్న ఏ యంత్రానికి గాని తగిలించకూడదు. మైకు తీగను పరీక్షించే ముందు దానిని మిక్సర్ నుండి విడదీయాలి.

పరీక్షకు ఒక క్రమం

అనుభవజ్ఞులు పాటించే పద్ధతి సరళమైనది. మొదట కంటితో చూడాలి: తొడుగు చిరిగిందా, పిన్ను వంగిందా, ప్లగ్గు వదులైందా? తరువాత పెట్టెలో గుచ్చి దీపాలు చూడాలి. పిమ్మట రెండు మెడలనూ వంచి, తీగ పొడవునా చేతితో తడుముతూ కదిలించాలి. చివరగా నిజమైన మైకుతో పలికించి వినాలి. తీగకు రెండు నిమిషాలు చాలు.

చెడినదని తేలిన తీగను మంచివాటిలో కలపకూడదు. మరల చూద్దామని సంచిలో వేసిన తీగ, అత్యవసర సమయంలో సరిగ్గా అదే చేతికి వస్తుంది. దోషం కనబడిన వెంటనే రెండు కొసలనూ ముడివేసి వేరుగా ఉంచాలి. ముడి ఉన్న తీగను చీకటిలో తడిమి చూసినా తెలిసిపోతుంది. మంచి తీగలకు అంకెలు వేసి, పరీక్షించిన తేదీని ఒక పుస్తకంలో వ్రాసుకుంటే, ఏది తరచు మొరాయిస్తున్నదో కొన్ని నెలలలో బయటపడుతుంది.

తీగ లేని మైకులు వచ్చాయి గదా, ఇక ఈ బాధ ఎందుకని కొందరనవచ్చు. గాయకుని చేతిలోని మైకుకు తీగ లేకపోవచ్చు. దాని సంకేతాన్ని అందుకునే రిసీవర్ నుండి మిక్సర్‌కు, మిక్సర్ నుండి ఆంప్లిఫయర్‌కు సాధారణంగా తీగలే ఉంటాయి. తీగలు తగ్గినకొద్దీ, మిగిలిన ఒక్కొక్క తీగ మీద ఆధారపడిన కంఠాల సంఖ్య పెరుగుతుంది.

వీటన్నిటిలో ముఖ్యమైనది పరీక్షించే వేళ. సభ ఆరంభమైన తరువాత చేసేది వెతుకులాట మాత్రమే. పరీక్ష జరగవలసినది కుర్చీలు ఖాళీగా ఉన్నప్పుడు, వేదికమీద ఇంకా ఎవరూ నిలబడనప్పుడు. మాట్లాడడానికి వచ్చిన వ్యక్తికి తన ముందున్న తీగ గురించి ఆలోచించే అవసరం రాకూడదు. ఆ ఆలోచన ఆయనకు బదులు మరొకరు, కొన్ని గంటల ముందు, ఒక చిన్న దీపం వెలుగులో ముగించి ఉండాలి.